పాత నవలల కట్టలు కొనేవాళ్ళూ, చివరి పేజీ చూశాకే డబ్బు పంపండి

ఇన్‌స్టాలో పాత తెలుగు నవలలు కట్టలు కట్టి అమ్మే ఆ పేజీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చెక్కబల్ల మీద పుస్తకాలు, పక్కన ఇత్తడి గ్లాసులో కాఫీ, కింద అమ్మమ్మగారి అలమారా అంటూ ఏదో క్యాప్షన్. పేరు రాయను. నాలుగు నవలలు 1,100 రూపాయలు, కొరియర్ అదనం, ‘అన్నీ ఒరిజినల్, అన్నీ పూర్తి పుస్తకాలు’ అన్నారు. వెంటనే డబ్బులు పంపేశాను. కాఫీ గ్లాసు చూసి పుస్తకాలు కొనే తెలివి మరి.

ముందు ‘కాలాతీత వ్యక్తులు’ తీశాను. ఒరిజినల్ కాదు, జెరాక్స్ తీసి అట్ట వేసింది. ఒత్తులన్నీ ఇంకులో అలుక్కుపోయి కొన్నిచోట్ల ఊహించుకుని చదవాల్సొచ్చింది. అయినా కింద పెట్టనివ్వలేదంటే అది డాక్టర్ పి. శ్రీదేవి గారి గొప్పతనం. 1957-58లో సీరియల్‌గా వచ్చిన నవలలో ఇందిర లాంటి మనిషి! స్వార్థపరురాలే, కాదనను. కానీ ఇల్లు నడిపేది ఆమె. ఏ నిర్ణయమూ తీసుకోలేని ఆ ప్రకాశం అనేవాణ్ణి చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.

‘బారిష్టర్ పార్వతీశం’ మూడు భాగాలు. వచ్చింది మొదటి భాగం ఒక్కటే. టోపీ గొడవ దగ్గర ఎప్పటిలాగే పగలబడి నవ్వాను, తర్వాత మిగతా రెండూ ఏవని పార్శిల్ కవరు తిరగేసి దులిపాను. ‘అసమర్థుని జీవయాత్ర’ మాత్రం నిజంగానే ఒరిజినల్. ఎందుకంటే దాని మీద ఒక శాఖా గ్రంథాలయం ముద్ర ఉంది, రద్దు చేసినట్టు ముద్ర మాత్రం ఎక్కడా లేదు! ఆస్తి కరిగిపోయినా గొప్పలు కరగని సీతారామారావు వాదనలు సగం అయ్యేసరికి విసుగొచ్చింది. గోపీచంద్ కావాలనే మనల్ని అలా విసిగించాడని చివర్లో గానీ అర్థం కాలేదు.

ఇవన్నీ సర్దుకుపోయేదాన్నే. అసలు దెబ్బ నాలుగోది, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల. చిన్నప్పుడు పెద్దవాళ్ళ దిండు కింద నుంచి లాగి చదివిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు. నిజం చెప్పాలంటే మొదటి సగం ఇప్పుడు కాస్త పాతబడినట్టే అనిపించింది, ఆధారాలు మరీ తేలిగ్గా దొరికేస్తాయి. కానీ సగం దాటాక పట్టేసింది. పొయ్యి మీద కూర మాడినా లేవలేదు. యుగంధర్ అందరినీ ఒకచోట కూర్చోబెట్టాడు. నాకు ఇద్దరి మీద అనుమానం. పేజీ తిప్పితే వెనక అట్ట! వాక్యం కూడా పూర్తవలేదు. పేజీ నంబరు చూస్తే 144. ఫారానికి (అంటే ఒకే కాగితం మీద అచ్చేసి మడిచి కుట్టే పేజీల కట్టకి) 16 పేజీల లెక్కన సరిగ్గా తొమ్మిది ఫారాలు. పదో ఫారం కుట్టనేలేదు. హంతకుడు అందులో ఉండిపోయాడు.

ఫోటో తీసి మర్యాదగానే మెసేజ్ పెట్టాను. అండీ అనే రాశాను. వచ్చిన జవాబు ఇది: ‘ఈ రోజుల్లో ఎవరు చదువుతున్నారు మేడమ్, షెల్ఫ్‌లో పెట్టుకోడానికేగా? అట్ట బాగుంది కదా.’

మళ్ళీ చదివాను. అట్ట బాగుంది కదా అట. పుస్తకాలు అమ్ముకుని బతికే మనిషి, కొన్నవాళ్ళు చదువుతారని కలలో కూడా అనుకోలేదన్నమాట. చివర్లో హంతకుడెవరో తెలియాలి కదండీ అని రాస్తే నవ్వే బొమ్మ పెట్టి ‘గూగుల్ చేస్కోండి’ అన్నాడు. జెరాక్స్ సంగతి ఎత్తితే ‘పాత పుస్తకాలకి కాపీరైట్ ఉండదు మేడమ్’ అని నాకే పాఠం. మన చట్టంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది సార్. శ్రీదేవి గారు 1961లోనే పోయారు కాబట్టి ఆ పుస్తకానికి మీ మాట చెల్లుతుంది. మరి కొమ్మూరి? ఆయన పోయి ఇంకా అన్నేళ్ళు కాలేదు. ఇది టైపు చేసి పంపేలోపే బ్లాక్ చేశాడు. రీఫండ్ ఊసే లేదు. పేజీలో మాత్రం కొత్త కట్ట ఫోటో పడింది, అదే కాఫీ గ్లాసుతో.

కొనక తప్పదనుకుంటే లోపలి పేజీలు తిప్పుతూ వీడియో అడగండి. చివరి పేజీ, దాని నంబరు కనిపించాలి. ఎన్ని భాగాలో రాతపూర్వకంగా చెప్పించుకోండి. అక్షరాలు మసకగా ఉంటే జెరాక్స్ అనే అనుకోండి. ముందే డబ్బు అడిగితే వదిలేయండి. హైదరాబాదులో ఉన్నవాళ్ళయితే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద చేత్తో తిప్పి చూసి కొనుక్కోవచ్చు, బేరం కూడా ఆడొచ్చు. ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవాళ్ళకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి, బ్లాక్ చేసేలోపు మెసేజ్‌లు చెరిపేస్తున్నాడు.