మన తీరానికి ఏ తెరచాప పడవ మేలు? సెంటారా, కాంటెస్సానా

మా కవిటి, సోంపేట వైపు ఏ వీధిలో చూసినా ఓడ ఉద్యోగం చేసేవాళ్ళు కనిపిస్తారు. నేను డెక్ మీద బోసన్‌ని (డెక్ పనివాళ్ళ పెద్దని), మా మేనబావ ఇంజిన్ రూమ్‌లో ఫిట్టర్. ఇన్నేళ్ళు కంపెనీ ఓడల మీద తిరిగాం కదా, ఇక సొంతంగా ఒక చిన్న పడవ కొనుక్కోవాలని ఇద్దరి కోరికా. పాతదైనా పర్వాలేదు, తెరచాపతో నడిచేదై ఉండాలి. బారువ నుంచి భీమిలి దాకా తీరం వెంబడి తిరగాలి, ఒక్కసారైనా అండమాన్ వెళ్ళి రావాలి. డబ్బు చెరి సగం. ఏ రకం పడవ కొనాలన్నదే ఆరు నెలలుగా తేలలేదు.

బావ మనసు వెస్టర్లీ సెంటార్ మీద ఉంది. 26 అడుగుల పడవ, 1969 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లో రెండు వేలకు పైగా తయారయ్యాయి. కీల్ అంటే పడవ ఒరిగిపోకుండా అడుగున ఉండే బరువైన దిమ్మ. దీనికి ఒకటి కాదు, రెండు కీల్స్ ఉంటాయి, అటొకటి ఇటొకటి. నీళ్ళలో మూడడుగులే మునుగుతుంది. లోపల చోటు ఎక్కువ. ఆరడుగుల మనిషి దాదాపు నిటారుగా నిలబడొచ్చు, పిల్లల్ని, ఆడవాళ్ళని తీసుకెళ్ళినా ఇబ్బంది పడరు. "నీకేం, తాడు పట్టుకుని బయట కూర్చుంటావు. లోపల వంట చేసేవాళ్ళ సంగతి చూడు" అంటాడు బావ. ఆ మాట నిజమే.

నేను చెప్పేది కాంటెస్సా 26. డేవిడ్ సాడ్లర్ గీసిన డిజైన్, 1960ల మధ్య నుంచి ఇంగ్లండ్‌లోని లిమింగ్టన్‌లో కట్టారు. పొడవు సెంటార్ అంతే, కానీ సన్నం. కీల్ ఒక్కటే, పడవ అడుగున పొడుగ్గా సాగి, చివర చుక్కానిని తన వెనకే మోస్తుంది. నాలుగడుగులు మునుగుతుంది. మొత్తం బరువులో నూటికి నలభై పైగా ఆ కీల్ బరువే. లోపల మాత్రం ఇరుకు, వంగే తిరగాలి. మన ఎండలో మధ్యాహ్నం పూట ఆ క్యాబిన్‌లో కూర్చోవడం కష్టం. ఆ కష్టం తెలిసీ దాన్నే కొనమంటున్నాను.

ఎందుకో ఒక దృశ్యం చెబితే తెలుస్తుంది. మా ఓడ సౌతాంప్టన్‌లో ఆగినప్పుడు సెలవు తీసుకుని లిమింగ్టన్ వెళ్ళాను. పాటు వచ్చి నీళ్ళు తీసేశాయి. నది బురద బయటపడింది. ఆ బురద మీద రెండు కీల్స్ ఉన్న పడవలు బాతుల్లా నిటారుగా కూర్చుని ఉన్నాయి. ఒరిగిపోవు, ఆసరా అక్కర్లేదు, పోటు రాగానే మళ్ళీ తేలతాయి. ఇంగ్లండ్ తీరంలో చాలా చోట్ల నీటి మట్టం నాలుగైదు మీటర్లు, అంతకంటే ఎక్కువా ఎక్కి దిగుతుంది. సెంటార్ ఆ తీరం కోసం పుట్టిన పడవ.

మన దగ్గర అలా కాదు. విశాఖలో అమావాస్య, పౌర్ణమి పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటరు లోపే. పైగా బారువలో, కళింగపట్నంలో ఒడ్డు దగ్గర కెరటం విరిగే తీరు మీకు తెలుసు. మన జాలరులు తెప్పను కెరటం మీదికి తోసి, మళ్ళీ కెరటం మీదే ఒడ్డెక్కిస్తారు. మూడు టన్నుల పడవతో ఆ పని చేస్తే కీల్ మొదలంటా విరుగుతుంది. వంశధార మొగలోకి వెళ్దామా అంటే ఇసుక మేట ఈ ఏడు ఒక చోట, పై ఏడు ఇంకో చోట. ఒడ్డెక్కలేని తీరంలో మూడడుగుల లోతు ఉపయోగం ఏముంది?

విశాఖ నుంచి ఒడిశా గోపాల్‌పూర్ దాకా సుమారు 135 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 250 కిలోమీటర్లు. ఈ పడవలు గంటకు నాలుగైదు నాటికల్ మైళ్ళ వేగంతో పోతాయి, అంటే ముప్ఫై గంటల ప్రయాణం. మధ్యలో గాలి తిరిగితే తలదాచుకోవడానికి ఇలాంటి పడవకు రేవు లేదు. మన శ్రీకాకుళం జిల్లాలో మూలపేట పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. అది పూర్తయి చిన్న పడవలకు చోటిస్తే ఈ లెక్క మారొచ్చు. అప్పటిదాకా మన తీరంలో తీరప్రయాణం అన్నా అది నడిసముద్రపు ప్రయాణమే. గాలి లేచినప్పుడు ఒడ్డు వైపు పరిగెత్తకూడదు, లోపలికే పోవాలి. ఆ రాత్రంతా సముద్రంలో నిలబడగల పడవ కావాలి. తానియా ఆయెబీ అనే అమెరికన్ అమ్మాయి 1985లో పద్దెనిమిదేళ్ళ వయసులో బయల్దేరి, కాంటెస్సా 26 మీదే ప్రపంచం చుట్టి వచ్చింది. మన నావికుడు అభిలాష్ టామీ 2023లో రెండో స్థానం తెచ్చుకున్న గోల్డెన్ గ్లోబ్ పందెంలో, అంటే ఒంటరిగా ప్రపంచం చుట్టే తెరచాప పందెంలో, ఇలాంటి పొడుగు కీల్ పడవలనే రానిస్తారు.

బావ మధ్యలో ఇంకో పేచీ తెచ్చాడు. మలేషియాలోని లంకావీలో విదేశీ యాత్రికులు అమ్మకానికి పెట్టిన ముప్ఫై అడుగుల కొత్త తరహా పడవలు చూసి వచ్చాడు. కీల్ రెక్కలా సన్నగా కిందికి దిగుతుంది, చుక్కాని విడిగా వేలాడుతుంది. వేగం బాగుంటుంది, రేవులో ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. కానీ ఇచ్ఛాపురం నుంచి భీమిలి దాకా రాత్రిళ్ళు నీళ్ళలో ఎన్ని వలలు ఉంటాయో తెలిసినవాడు ఆ చుక్కానిని నమ్మడు. థర్మోకోల్ ముక్కే గుర్తు, దానికి చాలాసార్లు దీపం కూడా ఉండదు. ఆ వల చుక్కానికో, ఇంజిన్ నీళ్ళలో తిప్పే ఫ్యాన్‌కో చుట్టుకుంటే మనం ఆగిపోతాం, పాపం ఆ జాలరి వేల రూపాయల వల పోగొట్టుకుంటాడు. పొడుగు కీల్ పడవలో ఫ్యాన్ కీల్‌కీ చుక్కానికీ మధ్య గూట్లో దాగి ఉంటుంది, వల చాలావరకు కిందనుంచి జారిపోతుంది. సెంటార్‌లో ఫ్యాన్ బయటికే ఉంటుంది, రెండు కీల్స్ మధ్య తాడు ఇరుక్కునే వీలూ ఉంది. నన్నడిగితే లోతు లెక్క కంటే ఈ ఒక్క సంగతే పెద్దది.

పొడుగు కీల్‌కి లోపాలు లేవని కాదు. వెనక్కి నడిపితే మాట వినదు, ఇరుకు రేవులో టెన్షన్ తప్పదు. గాలికి ఎక్కువ ఒరుగుతుంది, కొత్తవాళ్ళు భయపడతారు.

ఏది కొన్నా పడవ వయసు నలభై, యాభై ఏళ్ళు. పేరు చూసి డబ్బివ్వకూడదు. ఒక చోట తళతళలాడే కొత్త రంగు చూసి నేను బయానా ఇవ్వబోయాను. స్క్రూడ్రైవర్ పిడితో డెక్ మీద తట్టుకుంటూ పోతే తెరచాప కొయ్య కింద మద్దెలలా మోగాల్సిన చోట తడి గోనెసంచి చప్పుడు. లోపలి చెక్క కుళ్ళిపోయింది. సెంటార్ అయితే కీల్స్ పడవ ఒంటికి అతికిన చోట లోపలా బయటా చీలికలు వెతకాలి, ఆ రకానికి అదే బలహీనత. ఏ పడవకైనా కొయ్యను నిలబెట్టే స్టీలు తీగలు పదేళ్ళు దాటితే మార్చాలి. తీగలు, తెరచాపలు, ఇంజిన్ మూడూ మార్చాల్సి వస్తే ఖర్చు పడవ ధరను దాటిపోతుంది. ఇంజిన్ బావ చూస్తాడు, దానికి నాకు చింత లేదు.

ఆగ్నేయాసియాలో కొంటే ఇంటిదారి పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) మీదుగా. అక్కడి నుంచి విశాఖకు సుమారు 650 నాటికల్ మైళ్ళు, ఆరేడు రోజులు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈశాన్యపు గాలి పక్కవాటుగా అందుతుంది. ఆ దారికి కాంటెస్సాయే దొరకాలని లేదు, అదే తరహా కీల్ ఉన్న మరో పడవైనా చాలు. ఇంతవరకు బావ ఒప్పుకున్నాడు.

ఒప్పుకోనిది అక్టోబర్, నవంబర్ తుఫానుల సంగతి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో ఇద్దరం చూశాం. ఆ రెండు నెలలు పడవను నీళ్ళలో ఉంచకూడదని నేను, విశాఖలో క్రేన్‌తో ఎత్తించి దించే ఖర్చు ఏటా భరించలేమని తను. ఆ ఖర్చు ఎంతవుతుందో కనుక్కున్నాకే బయానా.