ఆర్గానిక్ కెమిస్ట్రీ మోడల్ కిట్: ప్రీమెడ్ పిల్లలు కొనొచ్చా?

నేను అమెరికాలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను, ప్రీమెడ్, అంటే డిగ్రీ తర్వాత మెడిసిన్‌లో చేరడానికి సిద్ధమయ్యేదాన్ని. మన దగ్గర ఇంటర్ బైపీసీ తర్వాత నీట్ ర్యాంకుతో తేలిపోయే సీటు, ఇక్కడ నాలుగేళ్ళ డిగ్రీ గ్రేడ్లు, ఎంక్యాట్ అనే మెడికల్ ప్రవేశ పరీక్ష స్కోరు చూసి గానీ ఇవ్వరు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ గ్రేడ్లతో సైన్స్ జీపీఏ విడిగా లెక్కగడతారు. ఎక్కువ మెడికల్ కాలేజీలకు ఏఎంసీఏఎస్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారానే అప్లై చేస్తాం. అందులో కోర్సు మళ్ళీ చదివి మంచి గ్రేడ్ తెచ్చుకున్నా పాత గ్రేడ్ లెక్కలోంచి పోదు.

అలాంటిది, ఆర్గానిక్ మొదటి మిడ్‌టర్మ్‌లో నాకు 48 వచ్చింది. క్లాసు సగటు 61. మాకు గ్రేడ్లు కర్వ్ మీద, అంటే క్లాసులో మిగతావాళ్ళతో పోల్చి వేస్తారు, క్లాసులో అందరూ స్కూల్లో ఫస్టు వచ్చినవాళ్ళే. "ఎంతొచ్చిందమ్మా?" అని నాన్న ఫోన్లో అడిగితే గొంతు పెగల్లేదు.

పోయిన మార్కుల్లో సగానికి పైగా స్టీరియోకెమిస్ట్రీవే, అంటే అణువులో పరమాణువులు ఏ దిశల్లో అమరి ఉంటాయో చెప్పే భాగానివే. కాగితం మీద వెడ్జ్ (మన వైపు వచ్చే బంధం), డ్యాష్ (వెనక్కి పోయే బంధం) గీతలు చూసి అణువును మనసులో తిప్పడం నాకు రాలేదు. డౌట్లు అడిగే ఆఫీస్ అవర్స్‌లో మా టీఏ (టీచింగ్ అసిస్టెంట్) తన కిట్ నా చేతిలో పెట్టింది. మర్నాడే నేనూ ఒకటి కొనుక్కున్నాను.

డబ్బాలో ప్లాస్టిక్ గోళీలు, పుల్లలు ఉంటాయి. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం. కార్బన్‌కి 109.5 డిగ్రీల ఎడంతో నాలుగు రంధ్రాలు. డబుల్ బాండ్ కోసం వంగే పొడుగు పుల్లలు వేరే ఇస్తారు. కుడి, ఎడమ చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో బింబాలైన రూపాలకు పెట్టే గుర్తులు ఆర్, ఎస్. అవి గుర్తించాలంటే కార్బన్‌కి తగిలిన నాలుగు గ్రూపుల్లో అన్నిటికంటే తక్కువ ప్రాధాన్యం (పరమాణు సంఖ్యను బట్టి ఇచ్చే వరుస) ఉన్న గ్రూపు మనకు అవతలి వైపు ఉండాలి. చాలాసార్లు అది హైడ్రోజనే. ఆ పుల్లను గుప్పిట్లో పట్టుకుంటే మిగతా మూడూ కారు స్టీరింగ్‌లా ఎదురుగా నిలబడతాయి. ప్రాధాన్యం వరుసలో ఒకటి, రెండు, మూడు అంటూ వేలితో చుట్టాలి. గడియారం ముల్లు తిరిగే వైపైతే ఆర్, ఎదురైతే ఎస్.

నాకు విషయం వెలిగింది మాత్రం కార్వోన్ అనే అణువు దగ్గర. పది కార్బన్లు, పద్నాలుగు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. దీని ఆర్ రూపం పుదీనా వాసన, ఎస్ రూపం కారవే గింజల (జీలకర్రలా ఉండే మసాలా దినుసు) వాసన. రెండూ పక్కపక్కన కట్టడానికి ఒక కిట్ చాలలేదు, నా రూమ్మేట్‌దీ కలిపాం. ఎంత తిప్పినా ఒకటి ఇంకోదాని మీద సరిగ్గా కూర్చోదు. అద్దంలో బింబం వేరే అణువు ఎలా అవుతుందో నాలుగు లెక్చర్లు విన్నా పట్టుబడలేదు, ఆ రాత్రి చేతికి తెలిసింది. ఆరు కార్బన్ల వలయమైన సైక్లోహెక్సేన్ కుర్చీ ఆకారం కూడా అంతే. కుర్చీ తిరగబడితే ఆక్సియల్‌లో (నిలువుగా) ఉన్నవన్నీ ఈక్విటోరియల్‌కి (పక్కలకు) వెళ్ళడం కళ్ళారా కనిపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. పుల్లలు బిగుసుకుపోయి ఊడదీసేటప్పుడు వేళ్ళు నొప్పి పుడతాయి. హైడ్రోజన్లు ఎప్పుడూ చాలవు. అవసరమైన చోటే పెట్టి మిగతావి వదిలేయండి. రియాక్షన్ మెట్టు మెట్టుగా ఎలా జరుగుతుందో చెప్పే మెకానిజమ్‌లకైతే ఇది పెద్దగా పనికిరాదు. ఒక గ్రూపు వెనక నుంచి వచ్చి ఇంకోదాన్ని తోసేసే ఎస్ఎన్2 రియాక్షన్‌లో కార్బన్ గొడుగులా తిరగబడటం దాకా చూపిస్తుంది, ఎలక్ట్రాన్ల కదలికను చూపే బాణాలు గీయడం మాత్రం కాగితం మీద చేతులు నొప్పెట్టేలా సాధన చేయాల్సిందే. ఎలక్ట్రాన్లు ఎటు పోతాయో గోళీలు చెప్పవు. నేను మూడు వారాలు ఆలస్యంగా ఆ బాణాల సాధన మీద పడ్డాను కాబట్టి రెండో మిడ్‌టర్మ్‌లో 67 దగ్గరే ఆగాను. స్టీరియో ప్రశ్నలకు మాత్రం ఒక్క మార్కు పోలేదు. కోర్సు మొత్తానికి బీ వచ్చింది, సీ వస్తుందని భయపడిన నాకు అది పెద్ద ఊరట.

పరీక్ష హాల్లోకి కిట్ తీసుకెళ్ళనిచ్చే ప్రొఫెసర్లు ఉన్నారు, సిలబస్ కాగితంలో చూసుకోండి. కొత్తదే కొననక్కర్లేదు, సెమిస్టర్ చివర్లో సీనియర్లు సగం ధరకే ఇచ్చేస్తారు. తీసుకునే ముందు నల్ల గోళీలు, పొడుగు పుల్లలు లెక్కపెట్టుకోండి, ముందు పోయేవి అవే.