డయాలిసిస్ ఉదయాలలో నాతో ఉన్న నాలుగు వస్తువులు: రెండేళ్ల వాడకం తర్వాత

2022 నవంబరులో మా అమ్మకు డయాలిసిస్ మొదలైంది. మంగళ, గురు, శనివారాలు, పొద్దున ఆరు గంటల షిఫ్టు. నాలుగున్నరకు లేచి అమ్మకు రెండు ఇడ్లీలు పెట్టి, అయిదున్నరకల్లా విజయవాడ సత్యనారాయణపురంలో ఆటో ఎక్కితేనే సూర్యారావుపేటలోని ఆసుపత్రికి సమయానికి చేరుకుంటాం. అక్కడ నాలుగు గంటలు అమ్మ మిషన్ మీద ఉంటుంది. పది దాటాక తమ్ముడు వచ్చి ఆమెను ఇంటికి తీసుకెళతాడు. నేను అటునుంచి అటే ఆఫీసుకు వెళ్లిపోతాను. అద్దం ముందు నాకు మిగిలేది రెండు నిమిషాలు, అదీ ఆసుపత్రి వరండా చివర ఉన్న వాష్‌రూములో, ట్యూబులైటు వెలుగులో.

ఈ రెండు సంవత్సరాల నాలుగు నెలలూ నా హ్యాండ్‌బ్యాగులో ఒక చిన్న గుడ్డసంచీ ఉంది. అమ్మ పాత వెంకటగిరి చీర అంచుతో నేనే కుట్టుకున్నాను. అందులో మెలితిప్పే కాటుక పెన్సిలు, కుంకుమ భరిణె, కాంపాక్ట్ పౌడరు, వాసెలిన్ చిన్న డబ్బా ఉంటాయి. అంతే. నాలుగూ కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు.

అంతకుముందు నాకు అలంకరణ అంటే చాలా ఇష్టం. బీరువా అద్దం ముందు ఇరవై దాకా సీసాలు, ట్యూబులు ఉండేవి. అమ్మ ఆరోగ్యం అలా అయ్యాక వాటిని వదిలేయాలని నేనేమీ నిర్ణయించుకోలేదు. ఒక్కొక్కటీ దానంతట అదే చేయి జారింది. ద్రవ రూపంలో ఉండే ఐలైనరు మొదట పోయింది. రాత్రి సరిగా నిద్రలేని చేయి ఆ సన్నని కుంచెను తిన్నగా నడపలేదు, ఒక కంటి గీత లావైతే రెండోదాన్ని దానికి సరిచేస్తూ కూర్చోవాలి. ఫౌండేషన్ ఆ తర్వాత పోయింది, చేతులు కడుక్కోవడం, పులమడం, మెడ రంగుతో కలిపి చూసుకోవడం అయ్యే పని కాదు. డయాలిసిస్ గదిలో మాస్కు తప్పనిసరి కాబట్టి లిప్‌స్టిక్కు అర్థమే లేకుండా పోయింది. మాస్కు పైన మిగిలేవి కళ్లూ, నుదురూ. నా సంచీలో మిగిలినవి కూడా ముఖ్యంగా వాటికోసమే.

ముందు కాటుక గురించి, ఎందుకంటే నేను ఎక్కువగా ఆనుకున్నది దానిమీదే.

నేను వాడేది లక్మే ఐకానిక్ కాజల్. పెన్సిల్లో ఉండేది 0.35 గ్రాములు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది కానీ రోజూ రెండు కళ్లకూ ఒక్కో గీత గీస్తే నాకు రెండున్నర, మూడు నెలలు వస్తోంది. ఈ కాలంలో పది పెన్సిళ్లు అయ్యాయి. లక్మేను 1952లో టాటాలు మొదలుపెట్టారు. ఆ మాట మన లక్ష్మి పేరుకు ఫ్రెంచి రూపం. ఇప్పుడది హిందుస్థాన్ యూనిలీవర్ చేతిలో ఉంది. ఈ కాజల్‌లో నాకు నచ్చింది నలుపు గాఢత కంటే దాని మెత్తదనం. రెప్ప మీద ఒత్తి రుద్దనక్కరలేదు, ఒక్కసారి జారిస్తే గీత పడుతుంది. ఏడ్చి వాచిన కంటికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

ఒక రోజు సంగతి చెబుతాను. మొదలుపెట్టిన మూడో నెల. మిషన్ మీద రెండు గంటలు గడిచాక అమ్మకు బీపీ ఒక్కసారిగా పడిపోయింది. డయాలిసిస్‌లో ఒంట్లోని నీటిని తీస్తారు కాబట్టి ఇలా జరుగుతుందని ముందే చెప్పారు, అయినా కళ్లముందు జరిగినప్పుడు ఆ మాటలేవీ గుర్తురావు. నర్సు పరుగున వచ్చి మంచం కాళ్లవైపు ఎత్తి, సెలైన్ ఎక్కించి, నీరు తీసే వేగం తగ్గించింది. పది నిమిషాలకు అమ్మ కళ్లు తెరిచి నన్ను చూసి, "వెళ్లి మొహం కడుక్కుని కాటుక పెట్టుకుని రావే. నిన్ను చూస్తుంటే నాకే భయం వేస్తోంది" అంది.

వాష్‌రూముకు వెళ్లాను. చల్లటి నీళ్లతో మొహం కడుక్కున్నాను. ఎడమ చూపుడువేలితో కింది రెప్పను కొంచెం లాగి, బయటి కొస నుంచి ముక్కు వైపు పెన్సిలు జరపాలి. ఆ కాసేపు ఊపిరి బిగబట్టక తప్పదు. కాటుక పెట్టుకునే ప్రతి ఆడపిల్లకూ ఇది తెలుసు, తెలిసినట్టు తెలియదు. గీత పూర్తవగానే ఆ బిగబట్టిన ఊపిరి పొడవుగా బయటికి వస్తుంది. అప్పుడు రెండో కన్ను, మళ్లీ అదే. ఆ రెండో ఊపిరి వదిలేసరికి నా చేతి వణుకు తగ్గిపోయింది. అద్దంలో కనిపించిన మొహం కొత్తగా అందంగా ఏమీ లేదు, నాకు తెలిసిన నా మొహమే. ఆ రోజు నాకు కావలసింది అదే.

అప్పటినుంచి కష్టమైన రోజున కొత్త వస్తువు జోలికి వెళ్లను. కొత్తదాన్ని వాడాలంటే ఎంత తీసుకోవాలి, ఎంతసేపు ఆరనివ్వాలి, ఏ కొసనుంచి మొదలుపెట్టాలి అని మనసు పెట్టాలి. ఆ మనసు అప్పటికే మందుల చీటీల్లో, పొటాషియం రిపోర్టుల్లో ఖర్చయిపోయి ఉంటుంది. పాత వస్తువుకు చేయి చాలు.

మా అమ్మమ్మ కాటుకను ఇంట్లోనే చేసేది. గుంటగలగరాకు రసంలో తెల్లగుడ్డను తడిపి నీడన ఆరబెట్టి, దాన్ని వత్తులుగా చేసి ఆముదంలో వెలిగించేది. పైన ఇత్తడి పళ్లెం బోర్లించేది. తెల్లారి పళ్లేనికి పట్టిన మసిని గీకి, నెయ్యి చుక్క వేసి రంగరించి చిన్న వెండి భరిణెలో పెట్టేది. ఆ కాటుక చల్లదనం ఇప్పటి ఏ పెన్సిలుకూ లేదు, ఒప్పుకుంటాను. అయితే అది గంటలోనే చెంపల దాకా దిగేది. పదిన్నరకు ఆఫీసులో కూర్చోవలసిన మనిషికి అది కుదరదు.

అలాగని పెన్సిలు చెదరదని చెప్పను. విజయవాడ మే నెలలో ఏ కాజల్ అయినా మధ్యాహ్నానికి కొంత కిందికి దిగుతుంది. కంటి కింద ముందుగా కొంచెం పౌడరు అద్దుకుంటే దిగిన రంగు మరకగా పరుచుకోదు, ఒక్క తుడుపుతో పోతుంది. పెన్సిలును రెండు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ బయటికి తిప్పకండి, మెత్తటిది కాబట్టి పుటుక్కున విరుగుతుంది. ఎండాకాలంలో ఆటోలో, స్కూటరు డిక్కీలో వదిలేయకండి. కాటుకతోనే నిద్రపోవడం నేను మొదట్లో చేసిన పెద్ద తప్పు, పొద్దున కళ్లు పుసితో అంటుకుపోయేవి. కనురెప్పల అంచున నూనె స్రవించే సన్నని గ్రంథులుంటాయని, లోపలి తడి అంచుమీద రోజూ రంగు పూస్తే అవి మూసుకుపోతాయని కంటి డాక్టరు చెప్పారు. అప్పటినుంచి గీతను వెంట్రుకల మొదళ్లకు బయటే గీస్తున్నాను. చూడటానికి పెద్ద తేడా లేదు, కళ్ల మంట మాత్రం తగ్గింది.

2023 జూలై, ఆగస్టు నెలల్లో రెండు రాష్ట్రాల్లోనూ కండ్లకలక విపరీతంగా వచ్చింది కదా, నాకూ వచ్చింది. అమ్మకు అంటుకుంటుందేమోనని వారం రోజులు తమ్ముడే ఆసుపత్రికి వెళ్లాడు. అప్పటికి సగమే వాడిన పెన్సిలును పారేశాను. కళ్ల జబ్బు వచ్చినప్పుడు వాడిన కాటుకను మళ్లీ కంటికి పెట్టకూడదు, ఎంత ఖరీదైనదైనా సరే. అలాగే కాటుకను ఎవరితోనూ పంచుకోకూడదు, అక్కచెల్లెళ్లతో కూడా. ఊరూ పేరూ లేని సుర్మాలు కొనకండి, వాటిలో సీసం ఉండే ప్రమాదం ఉంది. పసిపిల్లల కళ్లలో కాటుక పెట్టవద్దని పిల్లల డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. దిష్టికి పాదంలోనో చెంప మీదో ఒక చుక్క చాలు.

ఇక కుంకుమ భరిణె. రెండు అరల చెక్క భరిణె, ఒకదానిలో మైనం, ఇంకోదానిలో కుంకుమ. ఇరవై ఏళ్లు నేను స్టిక్కరు బొట్లే పెట్టుకున్నాను. ఒక కొత్త ప్యాకెట్టు వాడిన రెండు వారాలకు నుదుటిమీద దురద, తర్వాత బొట్టు ఆకారంలోనే చర్మం రంగు తేలిపోవడం మొదలైంది. కొన్ని స్టిక్కర్ల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుందని, అది చర్మంలో రంగునిచ్చే కణాలను దెబ్బతీసి తెల్లమచ్చలు తెస్తుందని చర్మవైద్యురాలు వివరించారు. వెంటనే మానేశాను కాబట్టి నెలల మీద రంగు తిరిగి వచ్చింది. మీకు స్టిక్కరు కింద కాస్త దురద అనిపించినా ఆ రోజే ఆపేయండి. రాత్రి తీసేసి పొద్దున మళ్లీ అదే అతికించుకోవడం మాత్రం వద్దు.

కుంకుమలోనూ మంచీ చెడూ ఉన్నాయి. పసుపుకు నిమ్మరసం, వెలిగారం కలిపి చేసిన కుంకుమ ముదురు ఎరుపుగా, కొంచెం మట్టిరంగు కలిసినట్టు ఉంటుంది. కళ్లు చెదిరే ఎరుపు అయితే రంగు కలిపారని అనుమానించాల్సిందే. నేను మా వీధిలో ఒక పెద్దావిడ చేసి అమ్మేదాన్ని తెచ్చుకుంటాను. ఉంగరపు వేలితో మైనం చుక్క, దానిమీద కుంకుమ అద్దడం, రాలిన పొడిని ఊదడం. అద్దం లేకపోయినా పెట్టుకోగలను.

ఈ భరిణె గురించి ఇంకో మాట ఉంది. 2019లో నాన్న పోయాక అమ్మ బొట్టు మానేసింది. మానేయమని ఎవరూ గట్టిగా అనలేదు, అలాగని పెట్టుకోమనీ ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. పోయిన సంవత్సరం శ్రావణమాసంలో ఒక శనివారం, మిషన్ పక్కన కూర్చుని నేను బొట్టు పెట్టుకుంటుంటే అమ్మ చూస్తూ ఉంది. ఫిస్టులా, అంటే డయాలిసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఉన్న ఎడమ చేతిలో సూదులున్నాయి, ఆ చేయి కదపకూడదు. కుడి చేత్తో నా మోచేయి తాకి, "నాకూ పెట్టమ్మా, చిన్నది" అంది. చిన్నదే పెట్టాను. ఎదురు మంచం మీదున్న పెద్దాయన చూసి, "ఇప్పుడు బాగున్నావమ్మా" అన్నారు. అప్పటినుంచి షిఫ్టు రోజుల్లో ఇద్దరికీ ఒకే భరిణె. మైనం అర రెండింతల వేగంగా ఖాళీ అవుతోంది.

కాంపాక్ట్ పౌడరు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. జిడ్డు తగ్గిస్తుంది, పైమూతలో అద్దం ఉంటుంది. సగం దానికోసమే మోస్తున్నాను. డబ్బా పౌడరు చల్లుకుంటే ఆసుపత్రి గదిలో పొడి లేస్తుంది, ఊపిరాడని రోగుల మధ్య అది మంచిది కాదు కాబట్టి ఈ అచ్చు పౌడరు. చర్మం రంగు కంటే తెల్లనిది తీసుకోకండి, ట్యూబులైటు కింద బూడిద పూసినట్టు కనిపిస్తుంది. గోళ్ల రంగు అయితే ఆసుపత్రికి అసలే వద్దు. మా పిన్ని ముచ్చటపడి అమ్మ వేళ్లకు ముదురు రంగు వేస్తే, ఆక్సిజన్ చూసే క్లిప్పు సరిగా చదవకపోవచ్చని నర్సు ఒక వేలికి చెరిపేసింది.

వాసెలిన్ డబ్బా మొదట నాకోసమే పెట్టుకున్నాను. నాకంటే అమ్మకే ఎక్కువ పనికొచ్చింది. డయాలిసిస్ వారికి నీళ్లు కొలిచి ఇస్తారు. మా అమ్మకు కాఫీ, మజ్జిగ, చారు అన్నీ కలిపి రోజుకు లీటరు లోపే. దాహం తీరదు, పెదవులు ఎండి పగులుతాయి. గంటకోసారి బియ్యపుగింజంత తీసి నా వేలితో ఆమె పెదవులకు రాస్తాను. దాహం దానివల్ల పోదు కానీ, మాట్లాడుతుంటే పెదవి చిట్లదు. దీనికి రంగు లేదు, వాసన లేదు. డయాలిసిస్ రోజుల్లో అమ్మకు ఏ వాసనైనా వికారమే కాబట్టి అది పెద్ద మేలు. అమెరికాలో చమురు బావుల దగ్గర పనివాళ్లు యంత్రాలకు పట్టిన జిడ్డును తమ గాయాలకు రాసుకోవడం చూసి చీజ్‌బ్రో అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని శుద్ధి చేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు. రాత్రి కాటుక తీయడానికి కూడా నేను దీన్నే వాడతాను. దూదికి కొంచెం రాసి, మూసిన కంటిమీద పది సెకన్లు ఉంచి తుడిస్తే రుద్దే పనిలేకుండా వస్తుంది. తర్వాత సబ్బు నీళ్లతో రెప్పలు కడుక్కోవాలి, లేకపోతే పొద్దున చూపు మసకగా ఉంటుంది. పెదవులకు ఒక డబ్బా, కంటికి ఒక డబ్బా వేరుగా పెట్టుకోండి. అమ్మ నోటికి రాసే డబ్బాలో నా కాటుక దూది ముంచకూడదు కదా.

నిన్న ఆదివారం బీసెంట్ రోడ్డుకు వెళ్లాను. పదో పెన్సిలు అడుగుకు వచ్చింది. ఫ్యాన్సీ షాపులో అబ్బాయి కొత్తగా వచ్చినవి అయిదారు రకాలు వరసగా పరిచి, నా చేతి వెనక ఒక్కో గీత గీసి చూపించాడు. ఒకటి నిజంగానే చాలా బాగుంది, గోధుమ రంగు మెరుపుతో. అమ్మ ఆరోగ్యం కుదుటపడి, తీరిగ్గా అద్దం ముందు కూర్చునే రోజు వస్తే దాన్ని కొనుక్కుంటాను. నిన్న మాత్రం పాతదే తీసుకున్నాను. డబ్బులిస్తుంటే గాజు అరలో ఐటెక్స్ కాటుక డబ్బాలు కనిపించాయి. పెళ్లికి ముందు అమ్మ వాడింది అదే, చిటికెన వేలితో పెట్టుకునేదట. కంటి డాక్టరును అడిగాకే పెడతానని చెప్పి, ఆమెకోసం ఒకటి తెచ్చాను. ఇంటికి రాగానే మూత తీసి వాసన చూసింది, మళ్లీ మూత పెట్టి నా గుడ్డసంచీలో తనే వేసింది.