తిప్పితే చాలు అన్నారు, చాలావరకు నిజమే

డయల్ తిప్పి బరువు మార్చుకునే ఈ డంబెల్స్‌లో నేను మనసు పారేసుకున్నది ఆ డయల్ దగ్గరే. ట్రేలో పెట్టి, రెండు చివర్లా డయల్ తిప్పి, పైకి లేపితే కావలసిన బరువే చేతిలోకి వస్తుంది, మిగతా ప్లేట్లు ట్రేలోనే ఉండిపోతాయి. గ్లాసు నీళ్లు తాగేంత సేపు కూడా పట్టదు. 2.5 కిలోల నుంచి 24 కిలోల దాకా 15 మెట్లు ఉండే రకం మాది. ఇలాంటివి ఇప్పుడు చాలా కంపెనీలు అమ్ముతున్నాయి కాబట్టి మిగతా కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి. కొని రెండేళ్లు దాటింది, ఇన్నాళ్లు వాడితే తప్ప తెలియనివి మాత్రం రాస్తాను.

డయల్ మీద అంత మోజు ఎందుకంటే, మా ఇంట్లో వ్యాయామానికంటూ విడిగా టైమ్ లేదు. బెంగళూరులో కుందలహళ్లి దగ్గర రెండు బెడ్‌రూమ్‌ల అద్దె ఇల్లు. పొద్దున్నే పాప స్కూల్ వ్యాన్, ఆ తర్వాత ఇద్దరి ఆఫీసులు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లేవాళ్లకి పావుగంట ఆలస్యం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పక్కర్లేదు. జిమ్‌కి వెళ్లడం, అక్కడ మెషీన్ ఖాళీ అయ్యేదాకా నిలబడటం, తిరిగి రావడం మా వల్ల కాలేదు. అందుకని కుక్కర్ పెట్టి హాల్లోకి వచ్చి ఒక సెట్, తాలింపు పడేసి వచ్చి ఇంకో సెట్.

ఇంతకు ముందు రాడ్డు, నట్టు, పీవీసీ ప్లేట్ల సెట్ ఉండేది. పైన ప్లాస్టిక్, లోపల సిమెంటు. కాళ్లకి చేసిన బరువు భుజాలకి పనికిరాదు కదా, మార్చాలంటే నట్టు విప్పాలి, ప్లేటు తీయాలి, మళ్లీ బిగించాలి. అది నాలుగు చివర్లా. ఈలోపు కుక్కర్ మూడో విజిల్. బద్ధకమేసి అన్నిటికీ ఒకే బరువు వాడేదాన్ని. పైగా ఒక ప్లేటు అంచు చిట్లి సిమెంటు పొడి రాలడం మొదలైంది. మా పనామె రాయచోటి వైపు మనిషి, ఊడుస్తూ ఊడుస్తూ ‘ఏందక్కా, రోజూ గోడ రాల్తాంది?’ అని అడిగేది.

డయల్ వచ్చాక ఆ గొడవంతా పోయింది. నేను 9 కిలోలతో భుజాలకి చేసి దించితే, మా ఆయన 20.5కి తిప్పుకుని తన సెట్ మొదలుపెడతారు. పెద్దవాళ్లు వారానికి కనీసం రెండు రోజులైనా పెద్ద కండరాలన్నిటికీ పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. నడక ఎంత నడిచినా ఆ రెండు రోజుల లెక్కలోకి రాదు. పాత సెట్‌తో వారానికి ఒకసారి కూడా కష్టంగా ఉండేది, దీంతో మూడు సార్లు కూడా పడుతున్నాయి. బరువు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతేనే బలం వస్తుంది కాబట్టి మెట్లు దగ్గరదగ్గరగా ఉండటం కూడా కలిసొచ్చింది. ఇంటిల్లిపాదికీ ఒక్క సెట్ చాలని అప్పట్లో అడిగినవాళ్లందరికీ చెప్పాను.

ఆ దగ్గరదగ్గర మెట్లు 11.5 కిలోల దాకానే. తర్వాత 13.5, ఆపైన 16. కాళ్లకి ఆ గెంతు తెలియదు గానీ భుజాలకి బాగా తెలుస్తుంది. నేను 11.5 దగ్గర చాలా నెలలు ఉండిపోయాను.

ఇక అసలు కథ. ఒకరోజు పొద్దున 16 కిలోలు పెట్టుకుని, ముందుకు వంగి నడుము దగ్గరికి లాగుతున్నాను, వీపుకి చేసేది. రెండో సెట్ మధ్యలో చెయ్యి ఒక్కసారిగా తేలికైంది. చివరి ప్లేటు జారి, మ్యాట్ దాటి, నేల మీద పడింది. నా పాదానికి జానెడు దూరం. టైల్ మూలకి మూల పగిలింది. పాప పరుగెత్తుకొచ్చింది. కింద ఫ్లాట్ ఆవిడ వెంటనే ఫోన్ చేసి, ‘ఏమైందండీ, సిలిండర్ గానీ పడిందా?’ అని కంగారుగా అడిగారు.

డయల్ చూస్తే రెండు వైపులా 16 దగ్గరే ఉంది. మళ్లీ ట్రేలో పెట్టి తిప్పి లేపితే ఆ ప్లేటు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. సాయంత్రం మా ఆయన చివరన ఉన్న స్క్రూలు విప్పారు, నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. లోపల ఒక్కో ప్లేటుకి ఒక్కో డిస్క్. డయల్ తిప్పితే డిస్కులన్నీ కలిసి తిరుగుతాయి. డిస్క్ అంచున అక్కడక్కడా చిన్న గట్టు ఉంటుంది, ప్లేటుకి ఉన్న కొక్కేన్ని ఆ గట్టు పట్టుకుంటే ప్లేటు పైకొస్తుంది, గట్టు లేని చోట అయితే ట్రేలో ఉండిపోతుంది. మా దాంట్లో చివరి డిస్క్ గట్టు చీలి ఉంది. ఇనుమంతా బయటికి కనిపిస్తుంది, ఆ ఇనుమును మోసేది మాత్రం ప్లాస్టిక్ ముక్క. డయల్ మీది అంకె డిస్క్ ఎటు తిరిగిందో చెబుతుంది, ప్లేటును పట్టుకుందో లేదో చెప్పదు.

కంపెనీ వాళ్లు వీడియో పంపమన్నారు, పంపాం. ఫొటోలు అడిగారు, అవీ పంపాం. ‘కింద పడేసినట్టున్నారు మేడమ్, వారంటీ వర్తించదు’ అన్నారు. అది చీలడం వల్ల ప్లేటు పడిందయ్యా, పడటం వల్ల చీలలేదు అని మా ఆయన ఎన్ని మెయిళ్లు రాశారో. స్పేర్ విడిగా ఇవ్వం, కొత్త డంబెల్ కొనుక్కోండి అన్నారు. చాలా వారాలు తిప్పించుకుని చివరికి డబ్బు తీసుకుని డిస్క్ పంపారు. బిగించడం మాత్రం అరగంట పని. ఇంటి ఓనర్‌కి టైల్ సంగతి చెబితే ఆయన మంచివాడే, కోప్పడలేదు, డిపాజిట్‌లో చూసుకుందాం అన్నారు. బెంగళూరు డిపాజిట్ ఎంతుంటుందో తెలిసినవాళ్లకి ఆ మాట ఎలా వినిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు. అదే డిజైన్ టైల్ ఇప్పుడు దొరకడం లేదట, అది ఇంకో తలనొప్పి.

ఇది మా ఒక్కళ్ల దురదృష్టమేమో అనుకున్నాను, కాదని తర్వాత తెలిసింది. 2025 జూన్‌లో అమెరికాలో బోఫ్లెక్స్ అనే కంపెనీ 552, 1090 మోడళ్ల డంబెల్స్‌ని సుమారు 38 లక్షలు రీకాల్ చేశారు, అంటే లోపం ఉందని వెనక్కి పిలిచారు, కారణం వాడుతుండగా ప్లేట్లు ఊడి పడటం. వందకు పైగా గాయాలు నమోదయ్యాయి. మాది ఆ కంపెనీది కాదు, కానీ డయల్ తిప్పే పద్ధతి అదే.

అప్పటినుంచి తిప్పి లేపగానే ట్రే మీదే ఆపి రెండు సార్లు మెల్లగా ఊపి, ప్లేట్లు ఎన్ని వచ్చాయో చూస్తాను. మొదట్లో చెప్పిన గ్లాసు నీళ్ల టైమ్ ఇప్పుడు కాస్త పెరిగింది. పడుకుని మొహం మీదుగా చేసేవి పూర్తిగా మానేశాం. ఛాతీకి పుషప్స్ చేస్తున్నాను, బరువు కావాలంటే పాప పుస్తకాల బ్యాగ్ తగిలించుకుంటాను. ఇంకోటి, వీటిని సెట్ అయిపోగానే ధబేల్మని వదలకూడదు. చేతులు వణుకుతున్న ఆ టైమ్‌లోనే వంగి, గురి చూసి ట్రేలో దించాలి. ట్రేని స్టూల్ మీదకి ఎక్కించాక నడుముకి కాస్త సుఖంగా ఉంది.

ఇంటిల్లిపాదికీ అన్నాను కదా, అత్తయ్యకి పనికిరాలేదు. ఫిజియో ఆవిడ తేలికపాటి బరువులు ఎత్తమన్నారని 2.5కి తిప్పి ఇచ్చాను. బరువు తగ్గినా పొడవు తగ్గదు, మూరెడు డంబెల్ అలాగే ఉంటుంది. ‘ఇది ఎత్తాలా, మొయ్యాలా అమ్మాయ్?’ అని రెండు రోజులు చేసి పక్కన పెట్టేశారు. ఆవిడకి రెండేసి కిలోల మామూలు జత కొన్నాం, టీవీ ముందు కుర్చీలో కూర్చుని చేసుకుంటున్నారు.

మళ్లీ కొంటానా అంటే, ఈ ఇంట్లో, ఈ ఉద్యోగాలతో ఉన్నంతకాలం ఇలాంటిదే కొంటాను. కాకపోతే స్పేర్ పార్టులు విడిగా అమ్ముతారో లేదో ముందే మెయిల్‌లో రాయించుకుంటాను. మా తమ్ముడు తెనాలి నుంచి ఫోన్ చేసి అడిగితే వాడికి వద్దన్నాను. వాడిది సొంతిల్లు, వరండాలో సిమెంటు గచ్చు, కింద ఎవరూ ఉండరు, సాయంత్రం గంటసేపు తీరిక ఉంటుంది. ఇనప ప్లేట్లు, రాడ్డు కొనుక్కోమన్నాను. మా ఆయన ఇంకో డిస్క్ ముందే తెప్పించి బీరువాలో పెడదాం అంటున్నారు. ఈసారి రేటు పెంచారు, చూద్దాం.