సౌండ్‌బారా, రిసీవరూ స్పీకర్లా? ముందు హాలు చూడండి

టీవీ సన్నబడే కొద్దీ అందులోంచి మాట వినపడటం కష్టమవుతోంది. స్పీకర్లని కిందికో వెనక్కో తిప్పి బిగిస్తారు, లోపల గాలి ఆడేంత లోతు ఉండదు. అందుకే 55 అంగుళాల టీవీ గోడకెక్కిన వారంలోనే రెండో ఖర్చు మొదలవుతుంది. షాపుకెళ్తే రెండు దారులు చూపిస్తారు. ఒకటి సౌండ్‌బార్: టీవీ కింద పొడుగాటి పెట్టె, పక్కన ఒక వూఫర్. రెండోది ఏవీ రిసీవర్ (సిగ్నల్ తీసుకుని స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్ పెట్టె), దానికి విడివిడిగా ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. మూడో దారి కూడా ఉంది, ఎడమ ఒకటి కుడి ఒకటి మంచి పవర్డ్ స్పీకర్లు, అంటే ఆంప్లిఫయర్ లోపలే ఉండేవి. కాకపోతే అడిగితే తప్ప దాని సంగతి ఎత్తరు.

బ్రాండూ వాట్లూ తర్వాత. ముందు కాగితం మీద హాలు గీసి మూడు గుర్తులు పెట్టండి: సోఫా ఎక్కడ, ప్లగ్ పాయింట్లు ఎక్కడ, గోడలో ఖాళీ పైపు ఉందా. ఏది కొనాలో సగానికి పైగా ఆ కాగితమే తేల్చేస్తుంది.

పెట్టె మీద అంకెలు

2.1, 3.1, 5.1.2 అని రాసి ఉంటుంది. మొదటి అంకె చెవి ఎత్తులో ఉండే ఛానళ్లు (విడివిడి ధ్వని దారులు), రెండోది సబ్‌వూఫర్, మూడోది పైనుంచి వినిపించాల్సిన ఛానళ్లు. సినిమాలో మాటలు దాదాపు అన్నీ మధ్య ఛానల్లో ఉంటాయి. 2.1 బార్‌లో ఆ మధ్య స్పీకరే ఉండదు, ఎడమ కుడి కలిసి మధ్యలో ఉన్నట్టు భ్రమ కల్పిస్తాయి. సరిగ్గా ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఇబ్బంది లేదు. సోఫా అంచున కూర్చున్నవాళ్లకి మాట దగ్గరి వైపు స్పీకర్లోంచి వస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ హోరెత్తగానే అందులో మునిగిపోతుంది. "డైలాగ్ వినపడట్లేదు, ఫైట్ వస్తే మాత్రం చెవులు పగిలిపోతున్నాయి" అన్నదే మీ ఇంటి ఫిర్యాదైతే, 2.1లో ఎంత ఖరీదైనది కొన్నా అది పూర్తిగా తీరదు. 3.1 తీసుకోండి. వెనక స్పీకర్లు లేకపోయినా ఫరవాలేదు, మధ్య స్పీకర్ లేకపోతేనే కష్టం.

'డాల్బీ అట్మాస్' (పైనుంచి కూడా ధ్వని వినిపించే పద్ధతి) ముద్ర చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. మూడో అంకె లేని బార్ మీద కూడా ఆ ముద్ర ఉంటుంది. అంటే ఆ సిగ్నల్‌ని తీసుకోగలదు, పైన ఏముందో లెక్కగట్టి మామూలు స్పీకర్లతోనే అనుకరిస్తుంది. నిజంగా పైకి చూసే స్పీకర్లుంటే ధ్వని సీలింగ్‌కి తగిలి మన మీద పడుతుంది. దానికి ఏడున్నర నుంచి పన్నెండు అడుగుల ఎత్తులో చదునైన, గట్టి సీలింగ్ కావాలి. చుట్టూ మెట్లుమెట్లుగా దిగిన ఫాల్స్ సీలింగ్, పెంకుటింటి వాలు కప్పు, నెత్తిన తిరిగే ఫ్యాను, వీటన్నిటి మధ్య ఆ ధ్వని సోఫా దాకా వస్తుందన్న నమ్మకం లేదు. మీ సీలింగ్ అలాంటిదైతే ఆ డబ్బు వూఫర్‌కి పెట్టండి.

'వైర్‌లెస్ రియర్' (వైరు లేని వెనక స్పీకర్) అన్న మాటకి కూడా అర్థం తెలిసి కొనాలి. సిగ్నల్‌కి వైరు ఉండదు, కరెంటుకి మాత్రం ఉంటుంది. సోఫా వెనక రెండు పక్కలా ప్లగ్ పాయింట్లు లేకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సులు హాలంతా పాకుతాయి. బ్యాటరీతో నడిచేవి కొన్ని మోడళ్లలో ఉన్నాయి, వాటికి తరచూ ఛార్జింగ్ పని.

నాలుగైదు వేలకి దొరికే '5.1 హోమ్ థియేటర్' సెట్ల గురించి ఒక్క మాట. యూఎస్‌బీ, ఎఫ్‌ఎం, బ్లూటూత్, రంగు లైట్లు అన్నీ ఉంటాయి. చాలావాటిలో సినిమా ధ్వనిని ఛానళ్లుగా విడదీసే డాల్బీ డీకోడర్ మాత్రం ఉండదు. ఆక్స్ నుంచో బ్లూటూత్ నుంచో వచ్చేది రెండు ఛానళ్లే. దాన్నే ఐదు పెట్టెలకీ పంచుతుంది. అది సరౌండ్ కాదు, ఒకే పాట ఐదు చోట్ల. వెనక హెచ్‌డీఎంఐ గానీ ఆప్టికల్ (కాంతితో ధ్వని పంపే వైరు) పోర్టు గానీ లేకపోతే దాన్ని సినిమా కోసం కొనొద్దు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట్ల బోర్డులు తెచ్చి అసెంబుల్ చేయించుకునేవాళ్లు డీకోడర్ బోర్డు ఉందో లేదో, ఏ ఫార్మాట్లు పలుకుతుందో అడిగే చేయించుకోవాలి. 'పీఎంపీఓ వాట్లు' (క్షణకాలపు గరిష్ఠం) అని అంకె చెప్తే దాన్ని పక్కన పెట్టేయండి, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చేది) ఎంతో అడగండి.

రిసీవర్ ఎవరికి?

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకి, గోడలు ఇంకా ప్లాస్టరింగ్ కానివాళ్లకి, సందేహం లేకుండా రిసీవరే. పైపులు వేయడం అప్పుడైతే చవక. తర్వాతైతే గోడకి గాడి కొట్టాలి, మళ్లీ పుట్టీ, పెయింటు. టీవీ గోడ నుంచి సోఫా రెండు పక్కలకీ స్పీకర్ వైరు వెళ్లేలా పైపులు వేయించండి. టీవీ వెనక నుంచి కింద యూనిట్ దాకా హెచ్‌డీఎంఐ కోసం వేరే పైపు, ప్లగ్గు సులువుగా దూరేంత లావుది. మామూలు 20 మి.మీ. పైపులో హెచ్‌డీఎంఐ ప్లగ్గు దూరదు. మూలల్లో టక్కున తిరిగే ఎల్బో వద్దు, నిదానంగా వంగే పొడుగు బెండ్ వేయమనండి. ఎల్బో దగ్గర ప్లగ్గు ఇరుక్కుంటే ఇటూ రాదు, అటూ పోదు. పైపులో లాగుడు తాడు ఒకటి వదిలేయడం మరిచిపోవద్దు. కరెంటు వైర్ల పైపులోనే స్పీకర్ వైరు తోయించవద్దు.

వైరు కోసం వేలకి వేలు పోయనక్కర్లేదు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి పదిహేను మీటర్ల లోపు 16 గేజ్ రాగి వైరు చాలు, అంతకు మించితే ఇంకా లావైన 14 గేజ్. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా 'స్పీకర్ వైర్' పేరుతోనే అమ్ముతారు, కొస గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. హెచ్‌డీఎంఐ మాత్రం దూరాన్ని బట్టి చూడాలి. ఐదు మీటర్లు దాటితే 4కే బొమ్మ మధ్యమధ్యలో ఆరిపోయే అవకాశం ఎక్కువ, అక్కడ ఆప్టికల్ ఫైబర్ హెచ్‌డీఎంఐ వాడాలి. దానికి దిక్కు ఉంటుంది: 'సోర్స్' అని రాసిన కొస ప్లేయర్ వైపు, 'డిస్‌ప్లే' అని ఉన్నది టీవీ వైపు. తిరగేసి గోడలోంచి లాగేస్తే మళ్లీ మొదటికే.

వాట్ల భయం కూడా అనవసరం. 88 డెసిబెల్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ ఒక్క వాటుతో మీటరు దూరంలో 88 డెసిబెల్ ఇస్తుంది. పది అడుగుల సోఫా దగ్గరికి అది దాదాపు 78కి దిగుతుంది. మామూలుగా టీవీ చూసేటప్పుడు అదే గట్టి శబ్దం. పది వాట్లయితే 88. అందుకని రిసీవర్ 80 వాట్లా 100 వాట్లా అన్నది ఇంట్లో తేడా తెలియని విషయం, వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్లే. చూడాల్సింది ఆ అంకెని ఎలా కొలిచారన్నది. '8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు ఛానళ్లు నడుస్తుండగా' అని ఉంటే నమ్మొచ్చు. '6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, ఒక్క ఛానల్, 10 శాతం డిస్టార్షన్' అని ఉంటే అది అట్ట మీద రాసుకోవడానికే పనికొచ్చే అంకె.

ముందు రెండు స్పీకర్లు సోఫా నుంచి చూస్తే మధ్య గీతకి చెరో ముప్పై డిగ్రీలు, ట్వీటర్ (సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్) చెవి ఎత్తులో. మన ఇళ్లలో సోఫా వెనక గోడకి ఆనుకునే ఉంటుంది కాబట్టి వెనక స్పీకర్లు నిజంగా వెనక పెట్టే వీలుండదు. పక్క గోడలకి, చెవికి రెండడుగుల ఎత్తులో, సోఫాకి సమంగానో అరడుగు వెనక్కో బిగిస్తే సరిపోతుంది. అలాంటి హాలుకి 7.1 అమ్మజూపితే వద్దనండి, మిగతా రెండు పెట్టెలకి చోటే లేదు.

వూఫర్‌ని మూలకి తోసేయడం అలవాటు. అక్కడ బేస్ ఎక్కువొస్తుంది, కానీ ఒకే స్వరం 'బుమ్మ్' మని మోగుతుంది. మంచి చోటు వెతకడానికి పాత పద్ధతే ఉంది: వూఫర్‌ని తాత్కాలికంగా సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, గోడ వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఎక్కడ బేస్ సమంగా, స్పష్టంగా ఉందో వూఫర్‌ని అక్కడ పెట్టండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, ఫలితం మాత్రం వస్తుంది. సౌండ్‌బార్ వూఫర్‌కీ ఇదే పద్ధతి.

తర్వాత రిసీవర్‌తో వచ్చే మైకు పెట్టి ఆటో సెటప్ (స్పీకర్లని రిసీవరే కొలిచి సర్దుకోవడం) చేయాలి. డెనాన్‌లో ఆడిస్సీ, యమహాలో వైపావో అంటారు. ఫ్యాను, ఏసీ, వీలైతే ఫ్రిజ్ ఆపేసి, మైకుని కుర్చీ వీపు మీద కాకుండా స్టాండు మీద చెవి ఎత్తులో ఉంచండి. అయ్యాక రిసీవర్ రాసుకున్నది ఒకసారి చూడండి. స్పీకర్లని 'లార్జ్' అని పెట్టి ఉంటే 'స్మాల్' చేసి క్రాసోవర్ (ఏ స్వరం కిందిది వూఫర్‌కి వెళ్లాలన్న హద్దు) 80 హెర్ట్జ్‌కి మార్చండి. వూఫర్ దూరం టేపుతో కొలిచిన దానికంటే ఎక్కువ చూపిస్తే దిద్దకండి, అందులోని ఎలక్ట్రానిక్స్ ఆలస్యాన్ని కూడా కలిపే లెక్కగట్టింది.

రిసీవర్ వేడెక్కే సరుకు. గాజు తలుపుల టీవీ యూనిట్‌లో మూసి పెట్టొద్దు, పైన కనీసం నాలుగైదు అంగుళాలు వదలండి.

ఏది కొన్నా తగిలే చిక్కులు

ధ్వని రావట్లేదనే ఫిర్యాదుల్లో చాలావరకు టీవీ సెట్టింగులే కారణం. కేబుల్‌ని టీవీ ధ్వని బయటికి పంపే, 'ఆర్క్' లేదా 'ఈ-ఆర్క్' అని రాసిన హెచ్‌డీఎంఐ పోర్టులోనే పెట్టాలి. టీవీలో సీఈసీ (హెచ్‌డీఎంఐ గుండా పరికరాలు ఒకదాన్నొకటి నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి, శాంసంగ్‌లో దాని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్. సౌండ్ ఔట్‌పుట్ 'పీసీఎం' మీద ఉంటే మామూలు ఆర్క్ మీద ఎంత పెద్ద సెట్టుకైనా వెళ్లేది స్టీరియోనే. 'ఆటో' లేదా 'పాస్‌త్రూ' చేయండి. ఓటీటీల్లో వచ్చే అట్మాస్‌కి మామూలు ఆర్క్ చాలు, బ్లూ-రే ప్లేయర్ని టీవీకే తగిలించి పూర్తి నాణ్యత కావాలంటేనే ఈ-ఆర్క్ అవసరం. ఆప్టికల్ వైరులో డాల్బీ డిజిటల్ 5.1 వస్తుంది, అట్మాస్ రాదు. పెన్‌డ్రైవ్‌లో సినిమా వేస్తే బొమ్మ వచ్చి మాట రాకపోతే ఆ ఫైలు డీటీఎస్ అనే ధ్వని ఫార్మాట్‌ది అయ్యుంటుంది. శాంసంగ్ టీవీలు 2018 నుంచి దాన్ని పలకవు.

గుయ్య్ మని హమ్ వస్తుంటే స్పీకర్ల మీద అనుమానపడే ముందు కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. ఆగిపోతే ఎర్త్ తేడా ఆ వైరు గుండా వస్తున్నట్టు. కరెంటు పోయినప్పుడు మాత్రమే వస్తే మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది. ఉరుములప్పుడు ప్లగ్గుతో పాటు కేబుల్ లేదా డిష్ వైరు కూడా తీసేయాలి, హెచ్‌డీఎంఐ పోర్టులు కాలిపోయేది ఎక్కువగా అటునుంచే.

ఇక హాలు. విట్రిఫైడ్ టైల్స్, గాజు కిటికీలు, ఖాళీ గోడలు ఉన్న గదిలో చప్పట్లు కొట్టి చూడండి. 'టంగ్' మని తోక వినిపిస్తే లక్ష రూపాయల సెట్టు పెట్టినా మాట మసకగానే ఉంటుంది. టీవీకీ సోఫాకీ మధ్య మందపాటి తివాచీ, కిటికీలకి బరువైన కర్టెన్లు ముందు వేయండి.

మరి ఎవరు ఏది కొనాలి?

అద్దె ఇంట్లో, రెండేళ్లకోసారి సామాను కట్టేవాళ్లకి 3.1 బార్. వెనక ప్లగ్గులుంటే రియర్లతో వచ్చే 5.1. గోడకి రంధ్రం కొట్టనివ్వని ఓనర్ దగ్గర రిసీవర్ పెట్టి తిప్పలు పడొద్దు. సొంత ఇల్లయి, పైపులుండి, వారానికి రెండు మూడు సినిమాలు చూసేవాళ్లకి రిసీవర్. ఒకేసారి కొనలేకపోతే రిసీవర్, టీవీ వైపు మూడు స్పీకర్లు మొదట కొని, వూఫర్, వెనకవి తర్వాత చేర్చుకోవచ్చు. సౌండ్‌బార్‌లో ఆ వెసులుబాటు దాదాపు ఉండదు, అదే కంపెనీ, అదే మోడల్‌కి సరిపడేవే కలుస్తాయి. బోర్డు పోతే బార్ మొత్తం మూలన పడుతుంది. అదే రిసీవర్ పాతబడితే దాన్నొక్కటే మారుస్తారు, స్పీకర్లు ఇరవై ఏళ్లు పలుకుతాయి.

పాటలే ఎక్కువ, ఇద్దరే మనుషులు అనే ఇంట్లో మాత్రం ఆ మూడో దారి. హెచ్‌డీఎంఐ ఆర్క్ ఉన్న పవర్డ్ స్పీకర్ల జత అదే ధర బార్ కంటే సంగీతాన్ని బాగా పలుకుతుంది. చేతిలో పట్టుకెళ్లే బ్లూటూత్ స్పీకర్ని టీవీకి జత చేద్దామనుకుంటే పాటలకి సరే, సినిమాకి పెదవులొకచోట మాటొకచోట అవుతుంది. బ్లూటూత్ ఆలస్యం మామూలుగా సెకనులో ఐదో వంతు దాకా ఉంటుంది.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత రిసీవర్ తెప్పించుకునేవాళ్లు వెనక లేబుల్ ఫొటో ముందే అడగండి. అక్కడి రిసీవర్లు సాధారణంగా 120 వోల్టులకే, మన 230లో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోవచ్చు. వాడాలంటే కనీసం 1000 వీఏ స్టెప్‌డౌన్ (వోల్టేజీ తగ్గించే) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది బరువు, వేడి, సన్నటి గూఁ మనే మోత. బార్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టులవే, అయినా వూఫర్ లేబుల్ విడిగా చూడాలి. బ్లూ-రే ప్లేయర్ అయితే ఇంకో తిరకాసు: అక్కడిది రీజియన్ ఏ, మనది సీ, ఇక్కడ కొన్న మామూలు బ్లూ-రే డిస్కులు అందులో ఆడకపోవచ్చు. 4కే బ్లూ-రే డిస్కులకి ఆ గొడవ లేదు.