జర్మనీలో ‘ఆక్వేరియం క్రేఫిష్’ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో “అందమైన క్రేఫిష్, ఒక్కటి చాలు, తొట్టి శుభ్రంగా ఉంచుతుంది, చేపలతో కలిసిపోతుంది” అని మూడు నాలుగు యూరోలకి ప్రకటన కనిపిస్తే దయచేసి కొనకండి. ఫిబ్రవరిలో నేను కొన్నాను. జూన్‌కల్లా మా ఇంట్లో వందకి పైగా అయ్యాయి. పైగా అది కొనడమే చట్టవిరుద్ధమని నాకు చివర్లో తెలిసింది.

క్రేఫిష్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెబుతాను. ఒళ్ళు రొయ్యలా ఉంటుంది, ముందు పీతకున్నట్టు రెండు డెక్కలుంటాయి. మంచినీళ్ళలో బతుకుతుంది. మా పాప ఫోటో చూసి ముచ్చటపడింది. అమ్మే ఆయన్ని ఏ జాతి అని అడిగితే “అదేదో అమెరికన్ రకం” అన్నాడు. అక్కడే ఆగాల్సింది. ట్రామ్ స్టాప్ దగ్గర ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టి ఇచ్చాడు, నాలుగు యూరోలు తీసుకున్నాడు.

మొదటి రెండు వారాల్లో తొట్టిలో మొక్కలన్నీ పోయాయి. తర్వాత చిన్న చేపలు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. ఒక రాత్రి అది గాలి పైపు పట్టుకుని పైకెక్కి బయటపడింది. తెల్లారి బట్టల బీరువా వెనక దొరికింది, ఇంకా బతికే ఉంది. మే నెలలో చూస్తే తోక కింద నల్లగా ఆవగింజల్లా గుత్తిగా గుడ్లు! తొట్టిలో ఇది తప్ప మరో క్రేఫిష్ లేదు. మగది లేకుండా గుడ్లెలా వచ్చాయో అర్థంకాక అమ్మినాయనకి మెసేజ్ పెట్టాను. ఆయన నన్ను బ్లాక్ చేశాడు.

అప్పుడు కూర్చుని చదివాను. నా దగ్గరున్నది మార్బుల్ క్రేఫిష్. ఇక్కడివాళ్ళు మార్మోర్‌క్రెబ్స్ అంటారు, శాస్త్రీయ నామం ప్రొకాంబరస్ వర్జినాలిస్. ఈ జాతిలో మగవి లేవు. ప్రతి ఆడదీ మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది, పుట్టేవన్నీ అచ్చంగా తల్లి నకళ్ళే. మామూలుగా జంతువులకి ఒక్కో క్రోమోజోము రెండేసి ప్రతులుంటే దీనికి మూడేసి, మొత్తం 276. దీని దగ్గరి బంధువు ఫ్లోరిడా వైపు మడుగుల్లో ఉంటుంది. ఇది మాత్రం 1990ల మధ్యలో ఇదే జర్మనీలో, ఆక్వేరియం పెంపకందార్ల తొట్లలో మొదటిసారి బయటపడింది. 2018లో హైడెల్‌బర్గ్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు దీని జన్యువులన్నీ చదివి, ప్రపంచంలో ఉన్న మార్బుల్ క్రేఫిష్‌లన్నీ ఒకే తల్లి సంతానమని తేల్చారు. “ఒక్కటి చాలు” అని ప్రకటనలో రాసిన మాటకి అర్థం నాకప్పుడు తెలిసింది.

ఐరోపా యూనియన్ 2016 ఆగస్టు నుంచి దీన్ని నిషేధించింది. అమ్మడం, కొనడం, పెంచడం, ఉచితంగా ఇవ్వడం, రవాణా చేయడం, నీళ్ళలో వదలడం, ఏదీ కుదరదు. రెడ్ స్వాంప్, సిగ్నల్ క్రేఫిష్‌లతో సహా మరికొన్ని అమెరికా జాతులు కూడా అదే జాబితాలో ఉన్నాయి. రెడ్ స్వాంప్‌ని నీలం, తెలుపు, నారింజ రంగుల్లో కూడా పెంచుతారు కాబట్టి రంగుని బట్టి ఏమీ చెప్పలేం. బెర్లిన్‌లో 2017లో వానలకి టీర్‌గార్టెన్ పార్కు బాటల మీద ఈ రెడ్ స్వాంప్‌లే నడుచుకుంటూ తిరిగాయి. ఎవరో ఆక్వేరియంలోవి చెరువులో వదిలి ఉంటారని అనుకున్నారు. మరుసటేడు వాటిని పట్టి అమ్ముకోమని నగరం ఒక జాలరికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది.

ఇంత కట్టడి ఎందుకంటే, వీటి వెంట ఒక జబ్బు వస్తుంది. క్రేఫిష్ ప్లేగు అంటారు. బూజులాంటి ఒక సూక్ష్మజీవి దానికి కారణం. అమెరికా జాతులు దాన్ని మోస్తాయి కానీ చాలావరకు తట్టుకుంటాయి. ఐరోపా జాతులకి సోకితే వాగు వాగంతా ఖాళీ అయిపోతుంది. 1859 ప్రాంతంలో ఇటలీలో మొదలై ఖండమంతా పాకింది. స్వీడన్‌లో చచ్చిపోయిన సొంత జాతి స్థానంలో 1960లలో అమెరికా నుంచి సిగ్నల్ క్రేఫిష్ తెచ్చి వదిలారు. అది కూడా ఆ ప్లేగునే మోసుకొచ్చింది! జర్మనీలో ఒకప్పుడు వాగుల నిండా ఉన్న ఎడెల్‌క్రెబ్స్ అనే సొంత జాతి క్రేఫిష్ ఇప్పుడు అక్కడక్కడా విడిగా ఉన్న నీళ్ళలోనే మిగిలింది. ఈ జబ్బు విత్తులు నీళ్ళలో ఈదుతాయి. అంటే క్రేఫిష్ వెళ్ళక్కర్లేదు, తడి వల చాలు, తొట్టి నీళ్ళు చాలు.

నాకు బాగా భయం వేసింది ఇక్కడే. గుడ్ల సంగతి చెబితే భీమవరం నుంచి మా అమ్మ ఫోన్‌లో “పాపం, ప్రాణం తీయకమ్మా, ఏ కాలవలోనో వదిలెయ్, పుణ్యం” అంది. కింది ఇంటావిడ కూడా పార్కు చెరువు చూపించింది. ఇద్దరిదీ మంచి మనసే. నేను కూడా ఒక రోజంతా అదే ఆలోచించాను. అలా వదిలి ఉంటే ఆ నీళ్ళలో మిగిలిన సొంత జాతి క్రేఫిష్‌ల ప్రాణం నేను తీసినదాన్నయ్యేదాన్ని.

మడగాస్కర్ సంగతి చదివితే మన ఊళ్ళే గుర్తొచ్చాయి. 2007 నాటికే అక్కడి సంతల్లో ఈ మార్బుల్ క్రేఫిష్‌ని తిండి కోసం అమ్ముతున్నారు. వరిచేలలో, కాలవల్లో పాకిపోయింది. ఆ దీవికి మాత్రమే సొంతమైన క్రేఫిష్‌లకి ఇప్పుడు దీనితో ముప్పు. మన దేశంలో సహజంగా క్రేఫిష్ జాతే లేదు. కానీ హైదరాబాద్‌లో ఆక్వేరియం షాపుల్లో ‘లాబ్‌స్టర్’ పేరుతో రకరకాల క్రేఫిష్‌లు దొరుకుతున్నాయని మా తమ్ముడు ఫోటోలు పంపాడు. రొయ్యలకి వచ్చే వైట్ స్పాట్ వైరస్ క్రేఫిష్‌లకీ సోకుతుంది. 1990ల మధ్యలో వైట్ స్పాట్ వచ్చి కోస్తాలో టైగర్ రొయ్య వేసిన రైతులు ఎలా కుదేలయ్యారో మా ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి ఇంటి దగ్గర చదువుతున్నవాళ్ళకీ ఇదే మాట: కొనకండి, కొన్నవి కాలవల్లో వదలకండి.

ఏదైనా క్రేఫిష్ కొనాలనే ఉంటే ముందు శాస్త్రీయ నామం రాతపూర్వకంగా అడగండి. అది నిషేధ జాబితాలో లేదని చూసుకున్నాకే డబ్బివ్వండి. పేరు చెప్పనివాళ్ళ దగ్గర వద్దే వద్దు. డెక్కలు ఒంటికి తగ్గట్టు కాకుండా సన్నగా, చిన్నగా ఉండి, వీపు మీద పాలరాయి చారల్లాంటి మచ్చలుంటే అనుమానించండి. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే టెన్షన్ పడి టాయిలెట్‌లో పోయకండి, ఎవరికీ ఇవ్వకండి. తొట్టికి గట్టి మూత వేసి, మీ జిల్లా ప్రకృతి రక్షణ కార్యాలయానికి ఫోన్ చేయండి. నేను చేశాను. కేకలేస్తారేమో అనుకున్నా కానీ ఫోన్ ఎత్తినావిడ ఓపిగ్గా విన్నారు. రెండు రోజుల తర్వాత ఒక మనిషి వచ్చి అన్నిటినీ లెక్కపెట్టి తీసుకెళ్ళారు. పిల్లలు నూట పన్నెండు. వాటినేం చేస్తారో మా పాపకి నేను చెప్పలేదు. తొట్టి, వల, రాళ్ళు మందుతో కడిగి, పూర్తిగా ఎండే దాకా బాల్కనీలో పెట్టమన్నారు, అలాగే పెట్టాను.

నిన్న యాప్‌లో అదే ఫోటో మళ్ళీ కనిపించింది. వెనక ఉన్న నీలం రాయిని బట్టి గుర్తుపట్టాను. అమ్మేవాడి పేరు వేరు, ధర మూడు యూరోలు, “పిల్లలకి చక్కటి బహుమతి” అని రాసి ఉంది. రిపోర్ట్ చేశాను, ఆ కార్యాలయానికి లింక్ కూడా పంపాను. మీకు కనిపించినా అలాగే చేయండి.