401కెలో మూడో గడి: చాలా ఏళ్లు వాడాక నా మాట

401కె అంటే అమెరికాలో కంపెనీ ద్వారా జీతంలోంచి దాచుకునే రిటైర్మెంట్ ఖాతా. అందులో కంపెనీ మ్యాచ్ (మనం వేసినదానికి తోడుగా కంపెనీ వేసే డబ్బు) పూర్తిగా తెచ్చుకుంటూ, ప్రీట్యాక్స్ (పన్ను పడకముందే జీతంలోంచి వేసేది) పరిమితి నింపేసి, ఆపైన కూడా డబ్బు మిగులుతున్నవాళ్లకోసం రాస్తున్నాను. క్రెడిట్ కార్డు బాకీ ఉన్నా, అవసరానికి ఆరు నెలల ఖర్చు బ్యాంకులో లేకపోయినా ఇది మీకు ఇప్పుడప్పుడే పనికొచ్చే సంగతి కాదు. అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లలో చాలామంది 401కె పేజీలో మొదటి రెండు గడుల దగ్గరే ఆగిపోతారు. ప్రీట్యాక్సా, రోతా అని ఒక పూట తర్జనభర్జన పడి పేజీ మూసేస్తారు. కొన్ని కంపెనీల్లో మూడో గడి కూడా ఉంటుంది, ఆఫ్టర్ ట్యాక్స్ అని. నేను 2017 నుంచి దాన్ని వాడుతున్నాను. మధ్యలో ఉద్యోగం మారడంతో రెండు ప్లాన్లలో దాని మంచీ చెడూ చూశాను. మొదటిదానికి ఐదుకి ఐదు ఇస్తాను, రెండోదానికి రెండిస్తే ఎక్కువ. చట్టం రెండింటికీ ఒకటే. తేడా అంతా కంపెనీ తన ప్లాన్‌లో రాసుకున్న నియమాల్లోనే ఉంది.

రోత్ 401కె అన్నా పన్ను కట్టాక వేసే డబ్బే, ఆఫ్టర్ ట్యాక్స్ అన్నా పన్ను కట్టాక వేసే డబ్బే. అందుకే రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. రోత్‌లో వేసేది, ప్రీట్యాక్స్‌లో వేసేది రెండూ కలిపి ఒకే పరిమితి కిందికి వస్తాయి: 2025లో 23,500 డాలర్లు, 2026లో 24,500. ఆఫ్టర్ ట్యాక్స్‌కి ఈ గీత వర్తించదు. మీ వాటా, కంపెనీ వాటా అన్నీ కలిపిన పెద్ద పరిమితి వేరే ఉంది, 2025లో 70,000, 2026లో 72,000. ఆ లోపల మిగిలిన జాగా అంతా ఆఫ్టర్ ట్యాక్స్‌దే, ప్లాన్ ఒప్పుకుంటే. యాభై దాటినవాళ్లకు క్యాచప్ పేరుతో ఇంకాస్త వేసే వీలు అదనం.

అసలు తేడా పెరుగుదల దగ్గర వస్తుంది. రోత్‌లో పెరిగిన డబ్బుకి, ఖాతా ఐదేళ్లు నిండి మీకు 59న్నర దాటితే, పన్ను లేదు. ఆఫ్టర్ ట్యాక్స్‌లో పెరిగినదానికి మాత్రం తీసేటప్పుడు మామూలు జీతం మీద పడే రేటులోనే పన్ను పడుతుంది. అదే డబ్బు బయట మామూలు బ్రోకరేజ్ ఖాతాలో ఇండెక్స్ ఫండ్‌లో పెట్టి ఏడాది దాటాక అమ్మితే ఎక్కువమందికి 15 శాతంతో పోతుంది. కాబట్టి ఆఫ్టర్ ట్యాక్స్ గడిలో డబ్బు వేసి అక్కడే వదిలేస్తే, బయట పెట్టుకున్న దానికన్నా నష్టం. ఆ డబ్బుని వెంటనే రోత్ వైపు మార్చుకుంటేనే దీనికి అర్థం. మెగా బ్యాక్‌డోర్ అని అందరూ అనేది ఈ మార్చుకోవడాన్నే.

లెక్క వేసి చూపిస్తాను. 2025లో ఒకాయన ప్రీట్యాక్స్‌లో 23,500 నింపాడు. కంపెనీ అందులో సగం, అంటే 11,750 మ్యాచ్ ఇచ్చింది. రెండూ కలిపి 35,250. డెబ్బై వేలలోంచి తీసేస్తే 34,750 మిగిలింది. రెండు వారాలకోసారి జీతం వచ్చే చోట 26 పేచెక్కులు, చెక్కుకి దాదాపు 1,336 డాలర్లు. కాగితం మీద బాగానే కనిపిస్తుంది కానీ, పన్నులు, ఇన్సూరెన్స్, ప్రీట్యాక్స్ అన్నీ పోయాక చేతికొచ్చే చెక్కులోంచి మరో పదమూడు వందలు కోసేస్తే ఇంట్లో తెలుస్తుంది. మా ఆవిడ మొదటి రెండు చెక్కులు చూసి "జీతం తగ్గించారా ఏంటండీ?" అంది. పూర్తి పరిమితి ఎప్పుడూ నింపలేదు మేము. ఆర్ఎస్‌యూలు (కంపెనీ జీతంతోపాటు ఇచ్చే షేర్లు) వచ్చిన ఏడాది ఎక్కువ, ఇల్లు కొన్న ఏడాది సున్నా. శాతం ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, దీనిలో నాకు బాగా నచ్చిన గుణం అదే.

మొదటి కంపెనీ ప్లాన్‌లో ఆటోమేటిక్ కన్వర్షన్ ఉండేది. ఫోన్‌లో ఒక్కసారి చెప్పి పెట్టుకుంటే, చెక్కులోంచి పడిన ఆఫ్టర్ ట్యాక్స్ డబ్బు ఒకటి రెండు రోజుల్లో ప్లాన్ లోపలే రోత్ వైపు వెళ్లిపోయేది. అంత తక్కువ వ్యవధిలో పెరిగేది సెంట్లే, మహా అయితే ఒకటి రెండు డాలర్లు. పన్ను పడేది ఆ కాస్త మీదే. మరుసటి జనవరిలో 1099-ఆర్ అనే కాగితం వస్తుంది. మొదటి గడిలో మారిన మొత్తం, 2ఏ గడిలో పన్ను పడే భాగం, ఐదో గడిలో మీరు అప్పటికే పన్ను కట్టేసిన భాగం, ఏడో గడిలో జి అనే కోడ్. మొదటిసారి చూస్తే పెద్ద మొత్తం కనిపించి గుండె జారుతుంది. కంగారు వద్దు, చూడాల్సింది 2ఏ గడి. అక్కడ పదో ఇరవయ్యో డాలర్లుంటే అంతా సవ్యంగా జరిగినట్టే. పన్ను సాఫ్ట్‌వేర్‌లోకి గడులన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాలి. పన్ను లెక్కలు చూసే కొందరు సీపీఏలు కూడా ఐదో గడి వదిలేస్తారు, రిటర్న్ ఫైల్ చేసే ముందు ఒకసారి కళ్లతో చూసుకోండి.

రెండో కంపెనీ దగ్గరికొచ్చేసరికి కథ మారింది. మూడో గడి ఉంది, ఆటోమేటిక్ లేదు. మూడు నెలలకోసారి ఫోన్ చేసి, పుట్టినతేదీ, చిరునామా అన్నీ అప్పజెప్పి, ఎత్తినవాళ్లకు ప్లాన్ లోపలి కన్వర్షన్ అంటే ఏమిటో నేనే వివరించి, ఫారం తెప్పించుకోవాలి. మార్కెట్ పెరిగే కాలంలో ఆ మూడు నెలల పెరుగుదల మీద పన్ను పడుతుంది. అది భరించొచ్చు. భరించలేనిది మార్చిలో వచ్చిన చెక్కు. ముందు ఏడాది వేసిన ఆఫ్టర్ ట్యాక్స్‌లో పెద్ద భాగం వెనక్కి పంపేశారు, వివక్ష పరీక్షలో ప్లాన్ ఫెయిలయింది అని ఒక వాక్యం రాసి.

ఈ పరీక్ష సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఎక్కువ జీతగాళ్లు మాత్రమే ఈ గడి వాడుకుని, మిగతా ఉద్యోగులు వాడకపోతే, పన్ను రాయితీ పైవాళ్లకే పోతోందని చట్టం అడ్డం పడుతుంది. 2024లో లక్షా 55 వేల డాలర్లు దాటి సంపాదించినవాళ్లు 2025 పరీక్షలో ఆ పై వర్గం కిందికి వస్తారు. మాది సేఫ్ హార్బర్ ప్లాన్, అంటే ఇలాంటి పరీక్షల నుంచి మినహాయింపు ఉన్నది అని కంపెనీ ధీమాగా చెప్పినా, ఆఫ్టర్ ట్యాక్స్ డబ్బుకి ఈ పరీక్ష తప్పదు. వేల మంది ఇంజనీర్లున్న పెద్ద కంపెనీల్లో జీతాలన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి గట్టెక్కుతారు. పదిమంది డైరెక్టర్లు, మూడు వందలమంది గోడౌన్ ఉద్యోగులు ఉన్న చోట కష్టం. ఆ వెనక్కొచ్చిన డబ్బు పోలేదు, దాని మీద పెరిగిన దానికి పన్ను కట్టాను, అంతే. కానీ రోత్‌లో దాని చోటు పోయింది. ఆ ఏడాది జాగా మళ్లీ రాదు.

ఇంకో చిక్కు మ్యాచ్‌తో. జనవరిలోనే ఉత్సాహంగా పెద్ద శాతం పెట్టేస్తే, అక్టోబరుకల్లా పెద్ద పరిమితి నిండిపోయి, చివరి నెలల మ్యాచ్ పడటానికి జాగా ఉండదు. ఏడాది చివర మ్యాచ్ లెక్క సరిచేసే ట్రూఅప్ మీ ప్లాన్‌లో ఉన్నా, అదీ ఈ పరిమితి లోపలికే రావాలి కాబట్టి ఆదుకోదు. డిసెంబరు చెక్కు దాకా సాగేలా శాతం పెట్టుకోవడం మేలు. ఉద్యోగం మారేవాళ్లకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది: 23,500 పరిమితి మనిషికి ఒక్కటే, ఎన్ని కంపెనీలు మారినా. డెబ్బై వేల పరిమితి ఒకదానితో ఒకటి సంబంధం లేని కంపెనీలకు దేనికదే. జూన్‌లో మారితే కొత్త చోట మళ్లీ ఖాళీ జాగా దొరుకుతుంది.

మా ఆఫీసులో గుంటూరు కుర్రాడొకడు లంచ్ దగ్గర అడిగాడు, "అన్నా, ఇదేదో లొసుగులా ఉంది, రేపు ఐఆర్ఎస్ వాళ్లు పట్టుకోరా?" అని. భయపడాల్సిన పని లేదు. పన్ను కట్టిన భాగాన్ని విడదీసి నేరుగా రోత్ ఐఆర్ఏకి (కంపెనీతో సంబంధం లేకుండా మనమే తెరుచుకునే రోత్ ఖాతా) పంపుకోవచ్చని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్సే 2014లో నోటీసు ఇచ్చి తేల్చింది. 2021లో ఈ దారి మూసేసే నిబంధనతో బిల్లొకటి ప్రతినిధుల సభ దాటింది కానీ చట్టం కాలేదు. రేపు మూసేస్తారేమో, అది వేరే మాట. అందాకా అందరికీ తెలిసిన దారే ఇది.

టెక్సస్‌లో ఉండే నాకు దీని లాభం కాలిఫోర్నియా వాళ్లకంటే కొంచెం తక్కువే. ఇక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అక్కడ షేర్లు అమ్మిన లాభం మీద కూడా జీతం మీద వేసినట్టే రాష్ట్రం పన్ను వేస్తుంది, కాబట్టి బయటి బ్రోకరేజ్ ఖాతాతో పోలిస్తే రోత్ విలువ అక్కడ ఎక్కువ. నా వరుస ఇది: ముందు మ్యాచ్, తర్వాత వైద్యఖర్చుల కోసం దాచుకునే హెచ్ఎస్ఏ ఖాతా (2025లో కుటుంబానికి 8,550 డాలర్లు), ఆ తర్వాత ప్రీట్యాక్స్, చివర ఆఫ్టర్ ట్యాక్స్. డిస్కౌంట్ బాగుంటే, కంపెనీ షేర్లు తగ్గింపు ధరకి కొనుక్కునే ఈఎస్‌పీపీని కూడా దీనికన్నా ముందే పెడతాను.

డబ్బు ఇరుక్కుపోతుందేమో అనే భయం సగమే నిజం. ఉద్యోగం వదిలాక రోత్ ఐఆర్ఏకి మార్చుకుంటే, పన్ను కట్టి వేసిన అసలుని పన్నూ జరిమానా లేకుండా తీసుకోవచ్చు. పెరిగింది మాత్రం ముట్టుకోకూడదు. ఐఆర్ఏకి ఐదేళ్ల గడియారం వేరేగా నడుస్తుంది, 401కెలో గడిచిన ఏళ్లు అక్కడికి రావు. అందుకే ఇప్పుడే చిన్న మొత్తంతో అయినా ఒక రోత్ ఐఆర్ఏ తెరిచి ఉంచుకోవడం మంచిది.

హైదరాబాదో విజయవాడో తిరిగి వెళ్లిపోవాలనుకునేవాళ్లకు ఇది అంత తీపిగా ఉండదు. 1961 నాటి భారత ఆదాయపు పన్ను చట్టంలోకి 2021లో వచ్చిన 89ఏ సెక్షన్, అమెరికా రిటైర్మెంట్ ఖాతాల్లో ఏటా పెరిగేదానికి వెంటనే పన్ను పడకుండా వాయిదా ఇచ్చింది. కానీ దాని నిర్వచనం చూడండి: ఆ దేశంలో డబ్బు తీసేటప్పుడు పన్ను పడే ఖాతాలకే అది. రోత్‌కి అమెరికాలో తీసేటప్పుడు పన్నే లేదు కదా, ఆ నిర్వచనంలో సరిగ్గా ఇమడదు. తిరిగి వెళ్లిన మొదటి రెండు మూడేళ్లు ఆర్ఎన్ఓఆర్ (భారత్‌లో ఉంటున్నా పన్ను లెక్కలో ఇంకా మామూలు నివాసి కానివాళ్లు) హోదా ఉన్నంత కాలం విదేశీ ఆదాయం మీద అక్కడ పన్ను పడదు కాబట్టి గొడవ లేదు. ఆ తర్వాత రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టికలో ఈ ఖాతా చూపించాలి, పెరుగుదలకి లెక్క చెప్పాలి. వచ్చే ఐదేళ్లలో వెళ్లడం ఖాయం అనుకునే స్నేహితులకు నేను ప్రీట్యాక్స్ నింపి ఆపమనే చెబుతున్నాను. పిల్లలు ఇక్కడే చదువుతున్నారు, మేం ఎక్కడికీ పోము అనేవాళ్లకు మూడో గడి బ్రహ్మాండం.

మీ కంపెనీలో ఉందో లేదో తెలుసుకోవాలంటే హెచ్ఆర్‌కి మెయిల్ పెడితే సగంమంది రోత్ గురించి చెప్పి పంపిస్తారు. సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అనే పుస్తకం తెప్పించుకుని చూడండి. ఆఫ్టర్ ట్యాక్స్ ఒప్పుకుంటున్నారా, జీతంలో ఎంత శాతం దాకా, ప్లాన్ లోపల రోత్ కన్వర్షన్ ఉందా, లేకపోతే ఉద్యోగంలో ఉండగానే బయటి రోత్ ఐఆర్ఏకి పంపనిస్తారా. చివరి రెండిట్లో ఒక్కటీ లేకపోతే ఆ గడిని ఖాళీగానే వదిలెయ్యండి. ఉంటే, గత రెండేళ్లలో పరీక్ష ఫెయిలై డబ్బు వెనక్కిచ్చారా అని కూడా అడగండి. ఆ మాట పుస్తకంలో ఉండదు.